పాత ఫైబర్ బోటును లారీ ఎక్కించే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ 15న తూర్పు తీరంలో వేట నిషేధం మొదలవగానే మన రేవుల్లో పాత బోట్ల బేరాలు ఊపందుకుంటాయి. జూన్ 14 దాటేలోపు బోటు నీళ్లలో ఉండాలని చాలామంది మత్స్యకారులు కేరళ, తమిళనాడు తీరాల నుంచి వాడిన ఫైబర్ బోట్లు కొని లారీల మీద తెచ్చుకుంటున్నారు. కొత్త బోటు ధర భరించలేని కుటుంబానికి ఇది మంచి దారే. అయితే బేరం మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా ప్రయాణం మీద పెట్టడం లేదు. కొచ్చి నుంచి కాకినాడకు రోడ్డు మీద దాదాపు 1,300 కిలోమీటర్లు. ఇంకో పదేళ్లు వేట చేయాల్సిన బోటుకు ఆ దారిలోనే లోపల అతుకులు ఊడిపోతున్నాయి. పైన రంగు బాగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తీరానికి పాతిక కిలోమీటర్ల అవతల అలలు మొత్తడం మొదలయ్యాక బయటపడుతుంది. ఫైబర్ బోట్ల మరమ్మతు, లోడింగు పనిలో ఉన్నవాళ్లంగా ఈ నష్టాన్ని ఎలా తప్పించుకోవచ్చో మీ పత్రిక ద్వారా చెప్పదలిచాం.

బోటు నీళ్లలో ఉన్నప్పుడు నీరు దాని అడుగంతటినీ సమానంగా మోస్తుంది. లారీ మీద అదే బరువు నాలుగైదు చోట్ల మీదే పడుతుంది. 28 అడుగుల ఫైబర్ బోటు ఖాళీగా టన్ను నుంచి టన్నున్నర దాకా తూగుతుంది. దాని చర్మం, అంటే బయటి ఫైబర్ గోడ, మందం మాత్రం కొన్ని మిల్లీమీటర్లే. స్పీడ్ బ్రేకర్ మీద లారీ ఎగిరి పడినప్పుడల్లా ఆ నాలుగైదు చోట్లా అడుగు లోపలికి నొక్కుకుని మళ్లీ బయటకు వస్తుంది. ఫైబర్‌కు సాగే గుణం ఉంది కాబట్టి వెంటనే పగలదు. లోపల అడ్డగోడలను చర్మానికి అతికించిన మ్యాటు (గాజు నారల పరుపు) పట్టీలు మాత్రం ఆ కదలికకు ఒక్కొక్కటిగా విడిపోతాయి.

మామూలుగా లారీ బల్ల మీద పాత టైర్లో ఇసుక బస్తాలో పరిచి బోటును వాటి మీద దించేస్తున్నారు. టైరు స్ప్రింగులా పనిచేస్తుంది, గతుకు పడిన ప్రతిసారీ బోటు ఎగిరి మళ్లీ అక్కడే దిగుతుంది. ఇసుక బస్తా మొదట్లో అడుగు వంపుకు చక్కగా అమరుతుంది. రెండు మూడు వందల కిలోమీటర్లు వెళ్లేసరికి ఇసుక కుదించుకుపోయి బస్తా అణుగుతుంది, కట్లు వదులైపోతాయి, బోటు ఒక పక్కకు వాలుతుంది. డ్రైవరు దిగి చూసి కట్లు ఇంకా బిగిస్తాడు. ఆ బిగింపుకు కింద ఆధారం లేనిచోట అంచు వంగుతుంది.

దీనికి చెక్క స్టాండ్లే సరైన మందు. కనీసం మూడు కావాలి. బోటు అడుగు వంపును లావు కరెంటు వైరు వంచో, అట్టముక్క కోసో తీసుకుని, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద గీసి కోయాలి. అలాంటి రెండు ముక్కలను కలిపి స్క్రూలు వేస్తే ఒక స్టాండు. ప్లైవుడ్ అంచు నేరుగా బోటుకు తగిలితే కత్తిలా కోస్తుంది కాబట్టి దాని మీద నాలుగంగుళాల వెడల్పు పలకలు కొట్టి, పైన పాత కన్వేయర్ బెల్టు రబ్బరు వేయాలి. ఒక స్టాండు ముందు అడ్డగోడ కిందకు, ఇంకొకటి నడుమ అడ్డగోడ కిందకు, మూడోది వెనక పలకకు (ఇంజిను తగిలించే చోటుకు) రెండు మూడడుగుల ముందున్న అడ్డగోడ కిందకు రావాలి. స్టాండు ఎప్పుడూ అడ్డగోడ కిందే ఉండాలి. రెండు అడ్డగోడల మధ్య ఖాళీ చర్మం కింద పెట్టిన స్టాండు వల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

అడుగున నడిమధ్య ఉండే కీల్ కింద నాలుగంగుళాల చదరపు దూలం నిడివంతా వేయాలి. బోటు బరువు దాదాపు మొత్తం కీల్ మీదే నిలవాలి. పక్క పలకల పని బోటు పక్కకు ఒరగకుండా పట్టుకోవడం వరకే. దీన్ని చూసుకోవడం తేలిక: బోటును దించాక పక్క రబ్బరుకూ బోటుకూ మధ్య మందపాటి అట్టముక్క దూర్చి చూడండి. కాస్త బిగుతుగా దూరితే సరిగ్గా ఉంది. అసలు దూరకపోతే బరువు పక్కల మీదకు ఎక్కింది. అప్పుడు కీల్ కింద చెక్క బిళ్లలు పెంచాలి. సులువుగా ఆడుతుంటే పక్క పలకను పైకి జరపాలి. ఒక పూట వడ్రంగి కూలి, రెండు షీట్ల ప్లైవుడ్ కలిపి అయ్యే ఖర్చు లారీ బాడుగలో చిన్న వంతే. అదైనా మిగుల్చుకుందామని చూసి బోటును పోగొట్టుకోవద్దని కొనేవారికి మా మనవి.

లారీ ఎంపికలో పెద్ద పొరపాటు జరుగుతోంది. గోదావరి జిల్లాల నుంచి కేరళకు బొండాలు రకం బియ్యం తీసుకెళ్లిన లారీలు తిరుగు లోడు కోసం చూస్తుంటాయి, తక్కువ బాడుగకే వస్తాయి. పది చక్రాల లారీ తొట్టి సాధారణంగా 22, 24 అడుగులకు మించదు. 28 అడుగుల బోటును అందులో పెడితే నాలుగు నుంచి ఆరడుగులు వెనక వేలాడుతుంది. సరిగ్గా ఇంజిను బరువు మోసే వెనక పలక భాగమే కింద ఆధారం లేకుండా గాలిలో ఊగుతుంది. కొందరు వెనక్కి రాకుండా ముక్కును క్యాబిన్ పైకెత్తి పెడతారు. అప్పుడు ఎత్తు పెరుగుతుంది, బరువంతా వెనక్కి జారుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194(1ఏ) సెక్షన్ ప్రకారం సరుకు అనుమతించిన హద్దును దాటి ముందుకో వెనక్కో పక్కకో పైకో పొడుచుకు వస్తే జరిమానా 20 వేల రూపాయలు. సరుకును అక్కడే దించే ఖర్చు కూడా మనదే. నడిరోడ్డు మీద బోటును దించడమంటే ఏమిటో, ఆ సమయానికి దొరికిన క్రేనుతో దించితే దానికేమవుతుందో ఎవరికి వారే ఊహించుకోవచ్చు. రాత్రిపూట వెనక వచ్చే ద్విచక్ర వాహనదారుకు ఆ వేలాడే అంచు ప్రాణం మీదకు తెస్తుందన్నది జరిమానా కంటే పెద్ద సంగతి.

అందుకని 40 అడుగుల ట్రైలరు మాట్లాడుకోవడం మేలు. ఒకే ఊరివాళ్లు ఇద్దరు చిన్న బోట్లు కొంటుంటే బాడుగ పంచుకోవచ్చు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 93వ నిబంధన ప్రకారం వాహనం వెడల్పు 2.6 మీటర్లు, సరుకు వాహనం ఎత్తు 4 మీటర్లు దాటకూడదు. మామూలు లారీ బల్ల నేల నుంచి సుమారు 1.4 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇక బోటుకూ స్టాండుకూ కలిపి మిగిలేది రెండున్నర మీటర్లే. పైకప్పు, లైటు స్తంభం, యాంటెన్నా విప్పి లోపల కట్టేయండి. వెడల్పు 2.6 మీటర్లు దాటితే అది ఓడీసీ, అంటే కొలత మించిన సరుకు. దానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. 40, 50 అడుగుల పెద్ద మరబోట్ల విషయంలో రోడ్డు ఆలోచనే వద్దు. సముద్రం నెమ్మదిగా ఉన్న రోజుల్లో, రామేశ్వరం దగ్గరి పాంబన్ వంతెన కింద దాటడానికి రేవు అధికారుల అనుమతి తీసుకుని, సముద్రం మీదుగా తెచ్చుకోవడమే దానికి సరైన పద్ధతి.

ఇక ఎత్తడం. ఇనుప తాడుతో ఎత్తవద్దు, వెడల్పాటి నైలాన్ బెల్టులు రెండు వాడాలి. బెల్టులు కూడా అడ్డగోడల దగ్గరే పడాలి. క్రేను కొక్కెం నుంచి దిగే బెల్టులు ఎంత వాలుగా ఉంటే బోటు అంచులను లోపలికి అంత గట్టిగా నొక్కుతాయి. టన్నున్నర బోటుకు లెక్క చూడండి. బెల్టులు నేలకు 60 డిగ్రీల కోణంలో ఉంటే రెండు అంచులనూ లోపలికి నొక్కే బలం మొత్తం 430 కిలోల దగ్గర ఉంటుంది. కొక్కెం బాగా కిందకు ఉండి కోణం 30 డిగ్రీలకు తగ్గితే అదే బలం 1,300 కిలోలవుతుంది. పాత బోటు అంచు చిట్లేది ఇక్కడే. క్రేను ఎత్తు చాలకపోతే, బోటు వెడల్పు కంటే అడుగు పొడవైన గట్టి ఇనుప పైపును బెల్టుల మధ్య అడ్డంగా పెట్టాలి. అప్పుడు బెల్టులు అంచుల పక్కన నిట్టనిలువుగా దిగుతాయి. బాడుగ మాట్లాడేటప్పుడు రెండు చివరలా క్రేను ఖర్చు ఎవరిదో కూడా తేల్చుకోండి. లారీవాళ్లు చెప్పే ధరలో చాలాసార్లు అది ఉండదు.

కట్టేటప్పుడు చేపల వలల తాళ్లు వాడకండి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. ప్లాస్టిక్ తాడు ముడి జారుతుంది. మీటతో బిగించే రెండంగుళాల పాలిస్టర్ ర్యాచెట్ బెల్టులు దొరుకుతాయి. వాటి మీద భరించే బరువు రాసి ఉంటుంది, చూసి తీసుకోండి. సరుకును కట్టడంలో ఐరోపాలో పాటించే ప్రమాణం ప్రకారం గట్టి బ్రేకు పడితే బరువులో 80 శాతం ముందుకు తోస్తుందని, మలుపుల్లో పక్కలకు 50 శాతం తోస్తుందని లెక్కగట్టి కట్టాలి. అంటే టన్నున్నర బోటు 1,200 కిలోల బలంతో డ్రైవరు క్యాబిన్ మీదకు వస్తుందన్నమాట. కాబట్టి పైనుంచి అదిమి కట్టడం ఒక్కటే చాలదు. ముక్కు దగ్గర కొక్కేనికి రెండు బెల్టులు వేసి వెనక్కి లాగి కట్టాలి, వెనక రెండు ముందుకు లాగాలి. పైనుంచి వేసే ప్రతి బెల్టూ కచ్చితంగా స్టాండు ఉన్నచోటే పడాలి. బెల్టు అంచుకు రాసుకునే ప్రతిచోటా పాత సైకిల్ ట్యూబు ముక్కో ఫైర్ హోసు ముక్కో వేయాలి. మొదటి పాతిక కిలోమీటర్ల దగ్గర ఆపి బెల్టులు ఒకసారి బిగించాలి, అక్కడినుంచి ఆగిన ప్రతిచోటా చెయ్యి పెట్టి చూడాలి. టార్పాలిన్ కప్పకపోవడమే మంచిది. గాలికి కొట్టుకుంటూ అది రంగును, దాని కింద ఫైబర్‌ను కాపాడే నున్నటి పూత జెల్‌కోటును ఇసుక కాగితంలా గీకేస్తుంది.

అడుగున ఉన్న నీటి బిరడా తీసేసి, ముక్కు వైపు రెండు మూడంగుళాలు ఎత్తుగా పెట్టి, మళ్లీ పెట్టడం మరిచిపోకుండా బిరడాను ఇంజిను బిగించే చోటే ఎర్ర గుడ్డతో కట్టండి. మేలో కేరళలో ముందస్తు వానలు మామూలే. ఎనిమిదిన్నర మీటర్ల పొడవు, సగటున 1.2 మీటర్ల వెడల్పు ఉన్న బోటులో రెండంగుళాల నీరు నిలిచినా అర టన్ను అదనపు బరువు. స్టాండ్లను, కట్లను మనం ఆ బరువుకు లెక్కగట్టి ఉండం.

ఔట్‌బోర్డు ఇంజినును బోటుకు తగిలించి పంపవద్దు. 40 కిలోల ఇంజిను ఊగుతుంటే వెనక పలక లోపలి చెక్క, బోల్టుల దగ్గర చీలుతుంది. ఇంజినులో, ట్యాంకులో ఇంధనం తీసేసి, చెక్క పెట్టెలో నిలువుగా కట్టాలి. ఫోర్ స్ట్రోకు ఇంజినును తప్పు పక్కకు పడుకోబెడితే ఆయిలు సిలిండరులోకి దిగుతుంది. బ్యాటరీ, గ్యాసు సిలిండరు బోటులో ఉంచకూడదు.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. అడుగుకు పట్టిన గుల్లలను, ఆల్చిప్పలను అక్కడే గీకి, లోపలి నీటినంతా తోడేసి, కనీసం అయిదు రోజులు ఎండలో ఆరబెట్టి మరీ బయలుదేరాలి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చార్రు మసెల్ అనే నల్ల ఆల్చిప్ప ఇప్పటికే కొల్లం దగ్గర అష్టముడి సరస్సును ఆక్రమించింది, చెన్నై పక్కన ఎన్నూరు, పులికాట్ నీళ్లలోనూ రొయ్యల వేటను దెబ్బతీస్తోంది. గుప్పెడు ఆల్చిప్పలు తడిగా గోదావరి పాయల్లోకో ఉప్పుటేరులోకో చేరితే తర్వాత ఎవరూ ఏరి పారేయలేరు. ఒక బోటు లాభం కోసం ఊరందరి వేటకూ ముప్పు తెచ్చుకోకూడదు.

కాగితాల సంగతి. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు తరలింపుకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం, ఉండాలి. మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు, అంటే 1,300 కిలోమీటర్లకు ఏడు రోజులు. 93వ నిబంధన కొలత మించిన సరుకుకు ప్రతి 20 కిలోమీటర్లకే ఒక రోజు ఇస్తారు, దాదాపు 65 రోజులు వస్తాయి. వెడల్పు బోటుకు మామూలు బిల్లు తీసి, అనుమతి కోసం దారిలో ఆగిపోయి, గడువు దాటించుకుంటున్నవాళ్లు ఉన్నారు. గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిశాక ఎనిమిది గంటల వరకు పొడిగించుకునే వీలుంది. బిల్లులో చేపల బోటుకు 8902 కోడ్ వేయాలి. విహార పడవల కోడ్ 8903 వేస్తే పన్ను రేటే మారిపోతుంది.

లారీ రసీదు తీసుకునేటప్పుడు బోటు అసలు విలువ రాయించండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద చేసిన నిబంధనల ప్రకారం, ఎక్కువ విలువకు ముందే ఒప్పందం చేసుకోకపోతే రవాణాదారు బాధ్యత బాడుగకు పది రెట్లతో ఆగిపోతుంది. నష్టపరిహారం కోరే నోటీసు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. రవాణా బీమాలో ‘ఎ’ క్లాజు అడగండి. ‘బి’ క్లాజులో లారీ బోల్తా పడితే, ఢీకొంటే డబ్బు వస్తుంది కానీ కుదుపులకు అతుకు ఊడితే రాదు. ‘ఎ’ క్లాజులో కూడా సరిగ్గా అమర్చి కట్టలేదని తేలితే తిరస్కరిస్తారు. స్టాండ్లు, కట్లు నాలుగు వైపులా ఫొటోలు తీసి ఉంచుకోవడం అందుకే.

అమ్మేవారి దగ్గర అసలు రిజిస్ట్రేషన్ పత్రం, బ్యాంకు లేదా సహకార సంఘం అప్పు తీరిందన్న కాగితం, అక్కడి రిజిస్ట్రేషన్ అధికారి ఇచ్చే నిరభ్యంతర పత్రం చేతికొచ్చాకే మిగతా సొమ్ము ఇవ్వండి. ప్రభుత్వ రాయితీతో కట్టిన బోటయితే అమ్మకంపై షరతులు ఉండొచ్చు. ఈ కాగితాలు లేకుండా వచ్చిన బోటుకు ఇక్కడ రిజిస్ట్రేషన్ కాదు. రిజిస్ట్రేషన్ లేనిదే డీజిల్ రాయితీ, నిషేధ కాలపు భృతి రావు.

బోటు దెబ్బతిన్నదో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. కొన్నచోటే ముక్కు కొస నుంచి వెనక పలక పైఅంచు వరకు నూలుదారం బిగించి కట్టండి. ఏడడుగుల దగ్గర, పద్నాలుగు దగ్గర, ఇరవై ఒకటి దగ్గర దారం నుంచి కిందకు బోటు అడుగు వరకు ఎంత దూరముందో కొలిచి, ఆ అంకెలను ఆ చోటే లోపల మార్కరుతో రాయండి. ఇక్కడ దించాక మళ్లీ అలాగే దారం కట్టి కొలవండి. ఎక్కడైనా సెంటీమీటరు మించి తేడా వస్తే బోటు వంగింది. తర్వాత చిన్న సుత్తి పిడితో అడుగంతా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఫైబర్ ఖంగుమంటుంది, పొరలు విడిపోయినచోట డొల్లగా మూగగా మోగుతుంది. అడ్డగోడలు చర్మాన్ని కలిసే మూలల్లో టార్చి వేసి చూస్తే తెల్లటి గీత కనిపిస్తుందేమో చూడండి. అది అతుకు విడిపోయిన గుర్తు. సాలెగూడులా ఒకే చోట నుంచి పగుళ్లు విచ్చుకుంటే అక్కడ దెబ్బ తగిలింది, పక్కపక్కన గీతల్లా ఉంటే అక్కడ చర్మం పదేపదే వంగింది.

అలాంటిచోట పుట్టీ పూసి రంగు వేయడం మోసం చేసుకోవడమే. చెడిన భాగాన్ని గ్రైండరుతో తీసేసి, మందానికి పన్నెండు రెట్ల వాలుగా చుట్టూ చెక్కాలి. ఆరు మిల్లీమీటర్ల చర్మానికి ఏడు సెంటీమీటర్ల వాలు అన్నమాట. అప్పుడు పొరపొరగా మ్యాటు, రెసిన్ వేయాలి. హార్డెనరు రెసిన్ బరువులో ఒకటి నుంచి రెండు శాతమే. రెసిన్ త్వరగా గట్టిపడేందుకు వేసే కోబాల్టును ముందు రెసిన్‌లో బాగా కలిపాకే హార్డెనరు పోయాలి. ఆ రెండింటినీ నేరుగా కలిపితే పేలుతుంది, కళ్లు పోతాయి. కొత్తగా పనిలో చేరే కుర్రాళ్లకు ముందు ఈ మాట చెప్పాలి.

మత్స్యశాఖకు మా విన్నపాలు మూడు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం, జువ్వలదిన్నె రేవుల్లో వేర్వేరు కొలతలకు సర్దుకునే స్టాండ్లు, బెల్టులు, అడ్డ పైపు అద్దెకు అందుబాటులో ఉంచాలి. ఇతర రాష్ట్రాల బోటు కొనడానికి కావలసిన కాగితాల జాబితాను తెలుగులో ప్రతి రేవు కార్యాలయం ముందు పెట్టాలి. బయటి నుంచి వచ్చిన బోటును రిజిస్టరు చేసే ముందు పొడవు వెడల్పులు, ఇంజిను నంబరు చూడటంతో ఆగకుండా, నేల మీద ఉండగానే అడ్డగోడల అతుకులు, వెనక పలక తట్టి చూసి, సరిగ్గా లేనిదాన్ని మరమ్మతు అయ్యేదాకా ఆపాలి. జూన్ 15 వేకువన బోటు నీళ్లలోకి దిగాక ఈ పరీక్ష చేయడం కుదరదు కాబట్టి, మే నెలలోనే ప్రతి రేవులో ఒక తేదీ ప్రకటించాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఫైబర్ బోట్ల మరమ్మతు పనివారు,
కాకినాడ